పరిశోధనలో మోసం: విచారణ ఇంట్లోనా, బయటా?

విడవలూరులో మా బాబాయి రొయ్యపిల్ల దించే ముందు హ్యాచరీ వాళ్ళిచ్చిన రిపోర్టు మడిచి జేబులో పెట్టుకుంటాడు. తొట్టిలోంచి తానే శాంపిల్ తీసుకుని, నెల్లూరులో వేరే ల్యాబులో వైరస్ పట్టే పీసీఆర్ పరీక్ష చేయిస్తాడు. వైట్ స్పాట్ అనే రొయ్యల జబ్బు ఒకసారి గుంట ఖాళీ చేశాక వచ్చిన తెలివి. పరిశోధనలో అంకెలు పుట్టించారని, ఫొటోలు మార్చారని ఆరోపణ వస్తే మాత్రం మన దగ్గర ఆ సంస్థే కమిటీ వేస్తుంది, తనే తేలుస్తుంది.

ఇంటి కమిటీకి ఒక బలం ఉంది. ఏ నోటుబుక్కు ఎవరి బీరువాలో ఉందో వాళ్ళకే తెలుసు, ఒక్క పూటలో తాళం వేయగలరు. చిక్కల్లా తీర్పు దగ్గరే. గ్రాంట్లు తెచ్చే ప్రొఫెసర్ తప్పు చేశాడని అదే విభాగంలో ప్రమోషన్ కోసం చూసే మనిషి రాస్తాడా? స్వీడన్‌లో కరోలిన్‌స్కా సంస్థ సంగతే చూడండి. కృత్రిమ శ్వాసనాళాలు అమర్చిన సర్జన్ మక్కియారినీ తప్పు చేశాడని బయటి నిపుణుడు చెప్పినా, 2015లో సంస్థ అతన్ని నిర్దోషి అంది. 2018లో తనే మాట మార్చుకుంది. 2020 నుంచి అక్కడ ఇలాంటి కేసులు జాతీయ బోర్డుకే వెళ్తున్నాయి.

మనకు అలాంటి బోర్డు లేదు. యూజీసీ 2018 నిబంధనలు కాపీ వరకే: ఇతరుల రాతలతో పోలిక 10 శాతం లోపుంటే శిక్ష లేదు, 60 దాటితే థీసిస్ రిజిస్ట్రేషన్ రద్దు. చేయని ప్రయోగానికి రాసిన అంకెలు ఎవరివీ పోలి ఉండవు కదా, కాపీ పట్టే సాఫ్ట్‌వేర్ దగ్గర హాయిగా పాసవుతాయి!

అలాగని అంతా ఢిల్లీకి పంపితే ఫైలు కదిలేసరికి స్కాలర్ అయిదేళ్ళ ఫెలోషిప్ అయిపోతుంది. అమెరికాలో ప్రభుత్వ వైద్య నిధులతో జరిగే పరిశోధనకు మధ్యేమార్గం ఉంది. సంస్థ విచారిస్తుంది, ఆ నివేదికను ఓఆర్ఐ అనే ప్రభుత్వ కార్యాలయం మళ్ళీ పరిశీలిస్తుంది. నా ఓటు దానికే, ఒక్క మార్పుతో: సాక్ష్యాలు భద్రం చేయడం వరకే సంస్థ పని, తీర్పు బయటివాళ్ళది. ఫిర్యాదు కూడా నేరుగా వాళ్ళకే చేరాలి.

నాతో చదివిన ఒకమ్మాయి తన విభాగంలోనే ఫిర్యాదు ఇచ్చింది. సాయంత్రానికి దాని కాపీ గైడు టేబుల్ మీద ఉంది. ఇప్పుడు కావలిలో ఇంటర్ పిల్లలకు జువాలజీ ట్యూషన్ చెబుతోంది.