పశువైద్య కోర్సుకు ముందు పాడి అనుభవం: కోనసీమలో ఒక డెయిరీ

పశువైద్య కోర్సులో చేరదలచిన మా అమ్మాయిని వేసవి సెలవుల్లో అమలాపురం పరిసరాల్లోని ఒక గేదెల డెయిరీకి పంపాము. మన దగ్గర సీటు ర్యాంకును బట్టే వస్తుంది గనుక ఈ అనుభవం దరఖాస్తుకు పెద్దగా అక్కరకు రాదు. అయితే అయిదున్నరేళ్ల చదువు తనకు సరిపడుతుందో లేదో తేల్చుకోవడానికి ఇది మంచి చోటు. పాలు పితికే ముందు తొలి ధారలను నల్లగుడ్డ కట్టిన గిన్నెలోకి తీసి, గడ్డలు కనిపిస్తే పొదుగువాపుగా అనుమానించాలని, ఎడమ డొక్కపై పిడికిలి ఆనించి పొట్ట కదలికలను లెక్కించాలని అక్కడి పనివారే ఓపికగా నేర్పారు. ఈనిన గేదె దగ్గరకు కొత్తవారిని రానివ్వరు, అది సబబే. బ్రూసెల్లోసిస్ వంటి పశువ్యాధులు మనుషులకూ సోకుతాయని తెలిసి కూడా చేతులు కడుక్కోవడానికి సబ్బయినా ఉంచకపోవడం మాత్రం క్షమించరాని లోపం. రుసుము లేదు; గమ్‌బూట్లు మనమే తెచ్చుకోవాలి.