హెన్నా కన్నా ఇండిగోదే పని: తెల్ల వెంట్రుకలకు రెండు దశల రంగు, కొన్నేళ్ల వాడకం తర్వాత

తెల్ల వెంట్రుకలకు ముందు హెన్నా, అంటే గోరింటాకు పొడి, ఆ మీద ఇండిగో, అంటే నీలి ఆకు పొడి. ఈ పద్ధతి గురించి ఎవర్ని అడిగినా హెన్నా కబుర్లే చెబుతారు. ఏ పొడి మంచిది, ఇనుప మూకుడులో నానబెట్టాలా, టీ డికాషన్ పోయాలా, గుడ్డు కలపాలా అని. కొన్నేళ్లుగా ఇదే వాడుతున్నదాన్ని కాబట్టి గట్టిగా చెప్పగలను. హెన్నా ఎలా కలిపినా ఎంతో కొంత ఎరుపు ఇస్తుంది. తల నల్లబడేదీ లేనిదీ తేలేది ఇండిగో దగ్గర. అది కూడా కలిపాక మొదటి పావుగంట, ఇరవై నిమిషాల్లో. సరిగ్గా పట్టినప్పుడు వచ్చే ఆ నలుపు నాకు ఎంత ఇష్టమంటే, మళ్లీ కెమికల్ డై వైపు చూడాలనిపించదు. ఆ పావుగంట, ఇరవై నిమిషాలు దాటాయా, నాలుగు గంటల శ్రమ కణతల దగ్గర రాగి తీగల్లా తేలిపోతుంది.

ఎందుకంటే ఇండిగో ఆకులో నీలం రంగు తయారుగా ఉండదు. ఇండికాన్ అనే పదార్థం ఉంటుంది. పొడి తడవగానే ఆకులోనే ఉన్న ఎంజైమ్ దాన్ని విడగొడుతుంది, ఇండాక్సిల్ పుడుతుంది. ఈ ఇండాక్సిల్ వెంట్రుకలోకి దిగి, అక్కడ గాలి తగిలి నీలంగా మారాలి. గిన్నెలో ఉండగానే గాలి తగిలి మారిపోతే ఆ నీలం ఇక నీళ్లలో కరగదు, వెంట్రుకలోకి దిగదు, పైపైన అంటుకుని మొదటి తలస్నానంతోనే పోతుంది. హెన్నా సంగతి వేరు. దానిలోని లాసోన్ అనే రంగు పదార్థం వెంట్రుకలోని ప్రొటీన్ కెరటిన్‌కి అతుక్కుపోతుంది. అందుకే ఇండిగో వెలిసినా కింద ఎరుపు మాత్రం అలాగే ఉంటుంది.

హెన్నా భాగం త్వరగా చెప్పేస్తాను. భుజాల దాకా ఉన్న జుట్టుకి 100 గ్రాములు, కుదుళ్లకి మాత్రమే అయితే 40 నుంచి 50. గోరువెచ్చని నీళ్లు, ఒక చెంచా నిమ్మరసం, చాలు. మన ఎండాకాలంలో రెండు మూడు గంటలకే రంగు వదులుతుంది, చలికాలం రాత్రి కలిపి పొద్దున పెట్టుకోవాలి. అరచేతిలో కొంచెం పెట్టి ఐదు నిమిషాల తర్వాత తుడిస్తే నారింజ మచ్చ పడిందంటే తయారైనట్టే. ఆషాఢంలో చేతులకి రుబ్బుకునే పచ్చి ఆకు తలకి పనికిరాదు, పిప్పి వదలదు. రాజస్థాన్ సోజత్ నుంచి వచ్చే, బాగా వడపోసిన పొడి కొనండి. రంగు కోసం కాదు, కడుక్కోవడం సులువవుతుందని. పెరుగు, గుడ్డు, నూనె కలిపితే జుట్టు మెత్తబడుతుందేమో కానీ రంగు పలచబడుతుంది. తెల్ల వెంట్రుక కప్పడమే మన పనైతే ఇవేవీ అక్కర్లేదు. రెండు మూడు గంటలు ఉంచి, ఉత్త నీళ్లతో కడిగేయాలి. కండిషనర్ పెట్టకూడదు.

ఇక ఇండిగో. భుజాల దాకా జుట్టుకి 150 గ్రాములు, కుదుళ్లకైతే 50. 100 గ్రాములకి ఒక చెంచా ఉప్పు. నీళ్లు గోరువెచ్చగానే ఉండాలి, మరిగినవి పోస్తే ఎంజైమ్ చచ్చిపోతుంది. నిమ్మరసం, ఉసిరి పొడి, పెరుగు లాంటి పులుపు దీనికి పడదు. హెన్నాకి మంచిదే కదా అని ఇందులోనూ నిమ్మకాయ పిండేవాళ్లు చాలామంది. ముద్ద పల్చటి ఇడ్లీ పిండిలా ఉంటే చాలు. మూతపెట్టి పది, పదిహేను నిమిషాలు వదిలేసి చూస్తే పైన నీలి నలుపు పొర కడుతుంది, గరిటె పెట్టి తిప్పితే లోపల ఇంకా ఆకుపచ్చ కనిపిస్తుంది. పెట్టుకోవలసింది అప్పుడే. పొర అసలు కట్టకుండా ముద్దంతా బురద రంగులో ఉంటే ఆ పొడి పాతదని అర్థం. దాన్ని ఎంతసేపు తలమీద మోసినా ప్రయోజనం లేదు. కొత్త ప్యాకెట్ తెచ్చిన రోజు ఒక చెంచా కలిపి, తెల్ల టిష్యూ మీద రాసి చూడండి. అంచుల్లో నీలం పాకాలి.

ఇప్పుడు నన్ను ఎక్కువ కాలం విసిగించిన సంగతికి వస్తాను. వెనక మెడ దగ్గర కారునలుపు, నడినెత్తిన ముదురు గోధుమ, కణతల దగ్గర, పాపిట మొదట్లో రెండో తలస్నానానికే ఎరుపు. అదే పొడి, అదే గిన్నె, అదే రోజు. కణతల దగ్గరి వెంట్రుకలు మొండివి, రంగు పట్టవు అని పార్లర్‌లో చెప్పే మాటలో కొంత నిజం ఉంది. కానీ అసలు కారణం ఎక్కువగా పెట్టే వరసలో ఉంది. వెనక నుంచి మొదలుపెట్టి పాయలు తీసుకుంటూ ముందుకి రావడం పార్లర్ అలవాటు, ఇంట్లోనూ అలాగే చేస్తాం. ముందుకి వచ్చేసరికి అరగంట దాటుతుంది. అంటే మంచి ముద్దంతా నల్ల వెంట్రుకలున్న మెడ దగ్గరికి వెళ్లి, అయిపోయిన ముద్ద ఎక్కువ నెరిసిన చోటికి వస్తోంది. వరస తిప్పేస్తే చాలావరకు సర్దుకుంటుంది. పొడి మొత్తం ఒక్కసారి తడపకూడదు. మొదట 30 నుంచి 40 గ్రాములు చిన్న గిన్నెలో కలిపి కణతలు, నుదుటి అంచు, పాపిట పూర్తి చేయాలి. మిగతాది అప్పుడు కలపాలి.

అంచు వెంట్రుకలకి ఇంకో ఇబ్బంది, అవి పొట్టివి, ముద్దలో ఒదగవు. పైకి లేచి ఆరిపోతాయి. ఆరిన ముద్ద రంగు ఇవ్వదు. అక్కడ మందంగా పెట్టి, దూదిని సన్నటి వత్తిలా చేసి ముద్దమీద నొక్కి, ఆ పైన షవర్ క్యాప్ వేస్తే కదలవు. మేలో అయితే క్యాప్ కింద చెమట కారి ముద్ద పలచబడుతుంది, కాబట్టి ఫ్యాన్ కింద కూర్చోవడం మంచిది. గంట నుంచి గంటన్నర ఉంచితే చాలు.

నుదుటికి మరకలంటకుండా వేజ్‌లైన్ రాసుకోవడం మరో చిక్కు. వేలితో రాసేటప్పుడు అది అంచు వెంట్రుకలకీ అంటుతుంది. జిడ్డు అంటిన వెంట్రుక ఇండిగో తీసుకోదు. దూది పుల్లతో, వెంట్రుకల అంచుకి చిటికెన వేలంత దూరం వదిలి రాయాలి. చెవుల మీద ఎంతైనా రాయొచ్చు. జిడ్డు విషయంలోనే ఇంకో మాట. ముందురోజు కొబ్బరినూనె పట్టించడం మనవాళ్ల అలవాటు. షాంపూతో శుభ్రంగా వదిలించకుండా హెన్నాకి కూర్చోవద్దు. హెన్నా కడిగాక జుట్టుని టవల్‌తో గట్టిగా ఒత్తుకోవాలి. తడి ఉండాలి కానీ నీళ్లు కారకూడదు.

కడిగిన రోజు తెల్ల వెంట్రుకలున్న చోట ఆకుపచ్చ జీర కనిపిస్తే కంగారు పడొద్దు. నీలం గాలి తగిలి స్థిరపడటానికి ఒకటి రెండు రోజులు పడుతుంది, ఈలోగా అది నలుపులోకి తిరుగుతుంది. ఆ రెండు రోజులూ షాంపూ వద్దు, నూనె వద్దు. ఆదివారం పెళ్లి ఉంటే గురువారమే పెట్టుకోవాలి. దిండు గలేబు మాత్రం పాతది వేసుకోండి, నీలం అంటుతుంది. మూడో రోజుకీ ఆకుపచ్చ పోలేదంటే కింద హెన్నా సరిగ్గా పట్టలేదని. తెల్ల వెంట్రుక మీద హెన్నా లేకుండా ఇండిగో మాత్రమే పెట్టినా ఇంతే.

జుట్టు మెత్తగా, ఒత్తుగా అనిపిస్తుందని ఈ పద్ధతిని చాలామంది మెచ్చుకుంటారు, మొదట్లో నేనూ అదే చెప్పేదాన్ని. అది కుదుళ్ల దగ్గర నిజం. ప్రతిసారీ కొసల దాకా పెడుతూ పోతే కొసలు గరుకుగా, బిరుసుగా తయారవుతాయి, రంగు పొరమీద పొర పడి కారునలుపుగా మారుతుంది, ఉంగరాల జుట్టువాళ్లకి ఉంగరాలు సాగుతాయి. మొదటిసారి పూర్తిగా పెట్టి, తర్వాత కొత్తగా పెరిగిన వేలెడు కుదుళ్లకే పెట్టాలి. కొసలకి అప్పుడప్పుడు కొబ్బరినూనె చాలు. అలాగే ‘రంగు వెలవదు’ అన్న మాట కూడా హెన్నాకే. నూనె బాగా పెట్టి తలంటుకునేవాళ్లకి ఇండిగో త్వరగా వదులుతుంది. నెలా నెలన్నరకి కణతలు మళ్లీ ముట్టించాల్సిందే.

పార్లర్‌లో చేయించుకోవచ్చా అంటే, రెండు దశలుగా చేసేవాళ్లు తక్కువ. నాలుగు గంటలు ఒక కుర్చీ ఒకరికే ఇవ్వడం వాళ్లకి కుదరదు. హెన్నా, ఇండిగో ఒకే గిన్నెలో కలిపి పెట్టేస్తారు. దాంతో ముదురు గోధుమ రంగు వస్తుంది, నలుపు రాదు. కొద్దిగా నెరిసినవాళ్లకి అది బాగానే ఉంటుంది. పొడులు మీరే తీసుకెళ్లడం మంచిది, ఎందుకంటే ‘హెర్బల్ బ్లాక్ హెన్నా’ పేరుతో వాడేవాటిలో కొన్నిటికి నలుపునిచ్చేది పీపీడీ, అంటే పారా ఫినైలిన్ డయమైన్ అనే కెమికల్ డై. ఒక్క గిన్నెలో, అరగంటలో, తెల్ల వెంట్రుకకి కారునలుపు ఇచ్చే ఆకుపొడి ఏదీ లేదు. ప్యాకెట్ వెనక లాసోనియా ఇనర్మిస్ (హెన్నా), ఇండిగోఫెరా టింక్టోరియా (ఇండిగో) మాత్రమే ఉండాలి. పారా ఫినైలిన్ డయమైన్, బేరియం పెరాక్సైడ్, సోడియం పిక్రమేట్ అని ఉంటే అది మామూలు డైలో మరో రకమే. పీపీడీ పడనివాళ్లకి మాడు దురద, కనురెప్పల వాపు, నుదుటిమీద బొబ్బలు వస్తాయి. ఒకసారి వచ్చినవాళ్లకి మళ్లీ వాడితే ఇంకా ఎక్కువగా రావచ్చు. ఆకుపొడైనా సరే కొత్తది కొంటే మోచేతి మడతలో రాసి 48 గంటలు చూడండి. జీ6పీడీ (ఎర్ర రక్తకణాలని కాపాడే ఎంజైమ్) లోపం ఉన్న పిల్లలకి హెన్నా అసలు పెట్టకూడదు, వాళ్ల రక్తకణాలు చితికిపోయే ప్రమాదముంది.

ఇంకో సంగతి ముందే తెలిసుండాలి. ఇండిగో పెట్టిన జుట్టుని తర్వాత బ్లీచ్ చేయించి హైలైట్స్ వేయించుకోవాలనుకుంటే ఆకుపచ్చ తేలుతుంది, అది వదిలించడం చాలా కష్టం. అలాంటి ఆలోచన ఉన్నవాళ్లు దీని జోలికి రాకపోవడమే మేలు.

ఎవరికి చెప్పొచ్చు అంటే, డై పడక మాడు మండుతున్నవాళ్లకి, నెలకో ఆదివారం సగం రోజు ఇవ్వగలవాళ్లకి. సైనస్ ఉన్నవాళ్లు, మెడ నొప్పి ఉన్నవాళ్లు తడి ముద్ద అంతసేపు మోయలేరు. వాళ్లు హెన్నా ఒక రోజు, ఇండిగో మర్నాడు పెట్టుకుంటే తేలిక. నడుమ షాంపూ చేసుకున్నా నష్టం లేదు, కండిషనర్ మాత్రం తగలకూడదు. తల పూర్తిగా నెరిసినవాళ్లకి నేను ధైర్యంగా సిఫారసు చేయలేను, పదిహేను రోజులకే కుదుళ్లు తెల్లగా కనిపిస్తాయి, ఈ శ్రమ అన్నిసార్లు కుదరకపోవచ్చు. కణతలు, పాపిట మాత్రమే నెరిసినవాళ్లకి హెన్నా 20 గ్రాములు, ఇండిగో 20 గ్రాములు చాలు. ఇండిగో ప్యాకెట్ తెరిచాక గాలి చొరని డబ్బాలో పోసి మూత బిగించండి, వంటింటి తేమ తగలని అలమారలో పెట్టండి. వానాకాలంలో తెరిచి వదిలేసిన పొడి వాడే ముందు టిష్యూ మీద మళ్లీ ఒకసారి పరీక్షించండి.