బాడీగార్డా, గట్టి తలుపా, మంచి డ్రైవరా: ముందు దేనికి ఖర్చు పెట్టడం మేలు?

బెదిరింపు ఫోను వచ్చినా, తెలిసినవాళ్ల ఇంట్లో దోపిడీ జరిగినా, డబ్బున్న కుటుంబానికి మొదట తట్టే ఆలోచన బాడీగార్డును పెట్టుకోవాలని. మనిషి కళ్లెదుట ఉంటే ధైర్యం వస్తుంది, అది సహజం. కానీ చాలా కుటుంబాలకు ఈ వరస తిరగబడాలి. మొదట ఇంటి సంగతులు బయటికి పోకుండా చూసుకోవాలి, తరవాత ఇల్లు, ఆ తరవాత డ్రైవరు, అందరికంటే చివర బాడీగార్డు.

ముందు లెక్క చూడండి. వారానికి 168 గంటలు. మనిషి 40 గంటలు పనిచేస్తాడనుకుంటే ఒక్క చోటును రాత్రింబగళ్లు కాయడానికే 4.2 మంది కావాలి. సెలవులు, జబ్బులు, శిక్షణ కలిపితే అయిదుగురు దాటుతారు. ఇద్దరితోనే సరిపెడదామని 12 గంటల షిఫ్టులు వేస్తే, చివరి రెండు మూడు గంటల్లో కళ్లు తెరిచే ఉంటాయి గాని చూపు ఉండదు. ఇంత చేసినా కాపలా ఒక్కరికే. భర్త ఆఫీసులో, భార్య ప్రయాణంలో, పిల్లలు బడిలో, పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే ఆ మనిషి ఎవరి వెంట ఉండాలి? 2016 అక్టోబరులో పారిస్‌లో అమెరికా టీవీ తార కిమ్ కర్దాషియన్ గదిలోకి దొంగలు చొరబడిన రాత్రి, ఆమె బాడీగార్డు ఆమె అక్కకు తోడుగా బయటికి వెళ్లి ఉన్నాడు. ఒక్క మనిషి రెండు చోట్ల ఉండలేడు కదా. పైగా ఆమె నగల ఫొటోలు అప్పటికే సోషల్ మీడియాలో ఉన్నాయి.

సమాచారాన్ని మొదట పెట్టడానికి కారణం అదే. దీనికి ఖర్చు దాదాపు ఉండదు. ఫొటోలు ఆ చోటు వదిలాకే పెట్టాలి. ఇల్లు కొన్నప్పటి అమ్మకం ప్రకటనలో గదుల ప్లాను ఇంకా ఇంటర్నెట్‌లో ఉంటే తీయించాలి. పార్శిళ్లు ఇంటికి కాకుండా మరో చిరునామాకు రావాలి. పరుగు, సైకిలు యాప్‌లలో దారి ఎవరికీ కనబడకుండా చేయాలి. ఈ నియమం కాపలావాళ్లకూ వర్తిస్తుంది: దేశాధినేతల అంగరక్షకులు స్ట్రావా అనే పరుగు యాప్‌లో నమోదు చేసుకున్న పరుగుల వల్ల ఆ నేతలు బస చేసే చోట్లు బయటపడుతున్నాయని 2024లో ఫ్రెంచి పత్రిక లె మోండ్ చూపించింది.

ఇక ఇల్లు. దీనిమీద పెట్టిన డబ్బు ఇంట్లో ఉన్న అందరికీ ఒకేసారి పనికొస్తుంది. సూత్రం ఒక్కటే: చొరబాటును పసిగట్టిన క్షణం నుంచి తలుపులు ఆపగలిగే సమయం, సాయం చేరే సమయం కంటే ఎక్కువ ఉండాలి. చొరబాటును తలుపులు ఎంతసేపు ఆపాలో చెప్పే యూరప్ ప్రమాణం ఈఎన్ 1627 ప్రకారం ఆర్‌సి-2 (ఆర్‌సి అంటే తట్టుకునే స్థాయి) తలుపు పరీక్షలో 3 నిమిషాలు, ఆర్‌సి-3 తలుపు 5 నిమిషాలు, ఆర్‌సి-4 తలుపు 10 నిమిషాలు తట్టుకోవాలి. సాయం రావడానికి 12 నిమిషాలు పడుతుందనుకోండి. ప్రహరీ నుంచి గుమ్మానికి ఒక నిమిషం, బయటి తలుపు 5, పడకగదుల నడవా తలుపు 5, గది తలుపు 5, మొత్తం 16 నిమిషాలు. ప్రహరీ దగ్గరే సెన్సరు మోగితే నాలుగు నిమిషాలు మిగులుతాయి. అదే సెన్సరు బయటి తలుపు తెరుచుకున్నాకే మోగితే మొదటి 6 నిమిషాలు గాలికి పోయినట్టే. మిగిలిన 10 చాలవు. తలుపులు అవే, ఖర్చూ అదే, తేడా అంతా సెన్సరు పెట్టిన చోటులో ఉంది. అందుకే తలుపు కంటే ముందు బయటి సెన్సర్లు, దీపాలు కొనమంటాం. (ఆ నిమిషాలు నిర్ణీత పనిముట్లతో చేసిన పరీక్షవి. పెద్ద యంత్రంతో వచ్చినవాడికి అంత సేపు పట్టకపోవచ్చు.)

ఇక్కడ జరిగే తప్పులు కొత్తవి కావు. ఖరీదైన తలుపును బలహీనమైన చట్రానికి బిగిస్తారు. గడియ దూరే రేకును పొట్టి మరలతో పట్టిస్తారు, ఒక్క తన్నుకు అది ఊడి వస్తుంది. తలుపు పక్కనే మామూలు అద్దం ఉంటుంది. గ్యారేజీ నుంచి ఇంట్లోకి వచ్చే తలుపు సంగతి ఎవరికీ గుర్తుండదు. కెమెరాలన్నీ బాగా ఎత్తున ఉండి టోపీలే కనిపిస్తాయి, పైగా రికార్డు అవుతుంటాయే గాని ఆ వేళకు చూసేవాళ్లు ఉండరు.

రక్షణ గది కోసం వేరే గది కట్టక్కర్లేదు. అర్ధరాత్రి మంచం మీంచి లేచి పిల్లలతో సహా అర నిమిషంలో చేరగలిగేదే పనికొస్తుంది. కాబట్టి పెద్దల పడకగదిని, పిల్లల గదులను కలిపే నడవాకు గట్టి తలుపు వేయడం నేలమాళిగలో ఉక్కు గది కంటే మేలు. లోపల ఎప్పుడూ చార్జింగులో ఉండే ఫోను, సిగ్నల్ పోయినా పనిచేసే రెండో మార్గం, కాగితం మీద రాసిన నంబర్లు, టార్చి, నీళ్లు, మంటలార్పే సిలిండరు, ఇంట్లోవాళ్ల మందులు, ఇన్‌హేలరు ఉండాలి. తలుపు ఎప్పుడు తెరవాలో చెప్పే రహస్య పదం ఒకటి అందరికీ తెలియాలి, చిన్న పిల్లలకు కూడా. ఏడాది తిరిగేసరికి ఈ గదులు సూట్‌కేసులతో నిండిపోతాయి. మూడు నెలలకోసారి రాత్రిపూట సాధన చేస్తే తప్ప ఆ సంగతి బయటపడదు.

కారు దగ్గరికి వద్దాం, ఎందుకంటే ప్రమాదం ఎక్కువగా కాచుకుని ఉండేది బయలుదేరే, చేరే చోటే. 1977లో జర్మనీలోని కొలోన్‌లో పరిశ్రమాధిపతుల సంఘం నేత హాన్స్ మార్టిన్ ష్లేయర్‌ను ఇంటి దగ్గరలోనే అడ్డగించారు. కారు అడ్డం పెట్టగానే డ్రైవరు బ్రేకు వేశాడు, వెనక వస్తున్న పోలీసు కారు వచ్చి గుద్దుకుంది. డ్రైవరు, ముగ్గురు పోలీసులు చనిపోయారు. 1983లో ఆమ్‌స్టర్‌డామ్‌లో బీరు కంపెనీ అధిపతి ఫ్రెడీ హైనెకెన్‌ను ఆఫీసు బయట డ్రైవరుతో సహా ఎత్తుకుపోయారు. మరి బుల్లెట్‌ప్రూఫ్ కారు కొంటే? 1989లో జర్మనీ డాయిష్ బ్యాంకు అధిపతి ఆల్ఫ్రెడ్ హెర్‌హౌసెన్ కవచమున్న కారులో, ముందూ వెనకా రక్షణ కార్లతో వెళ్తూ రోడ్డు పక్క బాంబుకు బలయ్యారు. తుపాకీ గుళ్లనాపే కవచం కారు బరువును వందల కిలోలు, రైఫిల్ స్థాయికైతే టన్ను దాకా పెంచుతుంది. కారు ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది, బ్రేకులు, టైర్లు తొందరగా అరిగిపోతాయి. అలవాటు లేని డ్రైవరు చేతిలో ఆ కారు మామూలు కారు కంటే ప్రమాదం.

కాబట్టి కవచం కంటే శిక్షణ ఉన్న డ్రైవరు మేలు. ముందు కారు వెనక టైర్లు నేలను తాకే చోటు కనిపించేంత దూరంలో ఆగడం, ఎప్పుడూ సగం ట్యాంకుకు తగ్గకుండా చూసుకోవడం, బయటికి ముఖం పెట్టి నిలపడం, గేటు తెరుచుకునేదాకా వీధిలో ఆగకుండా ఒక చుట్టు తిరిగి రావడం, వేళలు, దారులు మార్చడం అతని పనులు. డ్రైవరునే బాడీగార్డుగా వాడుకుందామనుకోవద్దు. దిగి మీ వెంట వస్తే కారుకు దిక్కుండదు, కారులోనే ఉంటే మీకు తోడుండదు.

మనుషులు నిజంగా అవసరమైతే, ఏజెన్సీ మేలా, సొంత ఉద్యోగులా? ఏజెన్సీ అయితే సెలవు పెట్టినవాడి చోట మరొకడు వస్తాడు. కానీ మారే ప్రతి ముఖానికీ మీ ఇల్లు తెలుస్తుంది. సొంతవాళ్లను పిల్లలు గుర్తుపడతారు, ఇంటి తీరు వాళ్లకు వంటబడుతుంది, కానీ ఏడాదిలో సంచులు మోసే పనికి దిగజారుతారు. మధ్యేమార్గం మంచిది: బాధ్యుడు ఒకరు సొంత ఉద్యోగి, షిఫ్టులకు ఏజెన్సీ. ఒప్పందంలో వచ్చేవాళ్ల పేర్ల జాబితా, ముందుగా చెప్పకుండా మనిషిని మార్చకూడదన్న షరతు, తాళాల రిజిస్టరు, ఫోను వాడకం నియమాలు రాయించండి. 1992లో న్యూజెర్సీలో ఎక్సాన్ చమురు సంస్థ అధికారి సిడ్నీ రెసోను ఇంటి దారి చివర్లోనే ఎత్తుకుపోయినవాడు అదే సంస్థలో ఒకప్పుడు భద్రతా విభాగంలో పనిచేసినవాడు. రెసో ఆ చెరలోనే చనిపోయారు. ఎవరు మానేసినా ఆ రోజే కోడ్‌లు, గేటు రిమోట్లు, అలారం రహస్య పదం మార్చాలి.

ఒక్క సందర్భంలో ఈ వరస మొత్తం తిరగబడుతుంది. ఫలానా మనిషి వెంటపడుతున్నాడని, ఫలానా ఉత్తరాలు వస్తున్నాయని తెలిస్తే పోలీసులకు ఫిర్యాదు చేసి, అదే రోజు మనుషులను పెట్టుకోండి. తలుపులు, సెన్సర్లు బిగించడానికి వారాలు పడుతుంది, అన్నాళ్లు ఆ ఖాళీని మనుషులే పూడ్చాలి. అప్పుడు కూడా ముందు కాపలా ఎవరికి అవసరమో చూడాలి. ఆ బెదిరింపు ఇంటి యజమానికి కాకుండా రోజూ ఒకే వేళకు ఒకే దారిలో బడికి వెళ్లే పిల్లకు కావచ్చు.