కుక్కపిల్లకు ఏది మేలు: ప్యాడా పేపరా, ప్యాకెట్టా పెరుగన్నమా?

కుక్కపిల్లను తెచ్చుకుందామని ఇంట్లో అందరూ ఒప్పుకున్న రాత్రే ఫోన్‌లో షాపింగ్ మొదలవుతుంది. మెత్తటి పరుపు, మువ్వల బెల్టు, షాంపూ, దువ్వెన, రెయిన్‌కోటు, చివరికి పుట్టినరోజు టోపీ కూడా. పెట్ షాపుకి వెళ్తే ఇంచుమించు ఇవే ఒక సంచీలో వేసి 'పప్పీ కిట్' అని చేతిలో పెడతారు. టీకాల కోర్సు పూర్తయ్యేదాకా ఆ పిల్ల వీధిలో నడవకూడదు, కాబట్టి రెయిన్‌కోటుతో పనే లేదు. స్నానానికీ తొందర లేదు, తడిగుడ్డతో తుడిస్తే చాలు. ఆ డబ్బేదో తిండికీ, డాక్టరుకీ, నేల తుడుచుకోవడానికీ దాచుకుంటే మొదటి రెండు నెలలు సాఫీగా గడుస్తాయి. నిజంగా కూర్చుని తేల్చుకోవాల్సినవి నాలుగైదు విషయాలే.

అన్నిటికంటే ముందు పిల్ల వయసు చూడండి. కేంద్రం 2017లో తెచ్చిన డాగ్ బ్రీడింగ్ అండ్ మార్కెటింగ్ నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. అయినా నెల రోజుల పిల్లను అట్టపెట్టెలోంచి తీసి 'నలభై అయిదు రోజులు దాటింది సార్' అనేవాళ్ళు ఉన్నారు. అలాంటి చోట అడ్వాన్సు ఇచ్చినా సరే, మిగతా వారాలు తల్లి దగ్గరే ఉంచమనండి. ఎంత గట్టిగా కొరికితే ఎదుటివాళ్ళకు నొప్పి పుడుతుందో అది తోబుట్టువులతో ఆడుతూ నేర్చుకునేది అప్పుడే. ఆ పాఠం తప్పితే ఆ పళ్ళు మన చేతుల మీద పడతాయి.

ఇక తిండి. ఇంట్లో వాదన మొదలయ్యేది ఇక్కడే. నాయనమ్మ పెరుగన్నం అంటుంది, పిల్లలు ప్యాకెట్ అంటారు, షాపతను సెరిలాక్ చూపిస్తాడు. సెరిలాక్ మనుషుల పిల్లలకు చేసిన తిండి. కుక్కపిల్ల ఏడాది తిరిగేసరికి దాదాపు పూర్తిగా ఎదిగిపోతుంది, ఆ వేగానికి కావాల్సినంత ప్రోటీన్ అందులో లేదు. గిన్నె నిండా ఆవు పాలో గేదె పాలో పోయడమూ అంతే. తల్లి పాలు మానేసిన కుక్కపిల్లల్లో చాలావాటికి ఆ పాలు అరగవు, మర్నాడు విరేచనాలు పట్టుకుంటాయి. పెరుగు కొంత నయం, తోడుకునేటప్పుడు పాలలోని ఆ అరగని చక్కెర (లాక్టోజ్) కొంత తగ్గుతుంది కాబట్టి.

పెరుగన్నం తిని పెరిగిన కుక్కలు మన ఊళ్ళలో ఎన్ని లేవు అంటారు. ఉన్నాయి. అవి పెరుగన్నంతో పాటు దొడ్లో దొరికిన ఎలుకనూ, పారేసిన చేప తలకాయనూ, పక్కింటి కోడిగుడ్డునూ తిన్నాయి. నాలుగో అంతస్తులో ఉండే పిల్లకు ఆ అవకాశం లేదు, మనం పెట్టిందే తిండి. ఇంటి తిండిలో అసలు లోపం కాల్షియం. అన్నంలో ఉడికించిన చికెన్ కలిపి పెడితే ప్రోటీన్ అందుతుంది, పిల్ల ఇష్టంగా తింటుంది, బొద్దుగానూ అవుతుంది. కానీ మాంసంలో భాస్వరం ఎక్కువ, కాల్షియం బాగా తక్కువ. నెలల తరబడి అదే పెడితే ఎముకలు గట్టిపడక కాళ్ళు వంకరపోతాయి. పోనీ కోడి ఎముకలు వేద్దామా అంటే, ఉడికిన ఎముక చీలికలుగా విరిగి గొంతులోనో పేగుల్లోనో గుచ్చుకుంటుంది.

అలాగని ఇంటి తిండి పనికిరాదని కాదు. వెట్ (పశువుల డాక్టరు) దగ్గర పిల్ల బరువు చూపించి, అన్నం ఎంత, మాంసం ఎంత, పైన ఏ సప్లిమెంటు అని రాయించుకుని రోజూ అలాగే వండగలిగేవాళ్ళ ఇంట్లో అది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. మిగిలింది పెడదాంలే అనుకునేవాళ్ళకు మాత్రం వద్దు. మన ఇంట్లో మిగిలేది సాంబారు, పులుసు, వేపుడు. వాటిలో ఉండే ఉల్లి, వెల్లుల్లి కుక్కల రక్తంలో ఎర్ర కణాలను దెబ్బతీస్తాయి. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కూడా అసలు తగలనివ్వకండి. ప్రసాదంగా వచ్చిన చక్కెర పొంగలిలో కిస్‌మిస్ ఉంటుందన్న సంగతి ఎవరికీ గుర్తుండదు.

ప్యాకెట్లో గింజలుగా వచ్చే డ్రై ఫుడ్ కొనేటప్పుడు ముందున్న బొమ్మను వదిలేసి వెనక్కి తిప్పండి. 'పప్పీ' అనీ, 'కంప్లీట్ అండ్ బ్యాలెన్స్‌డ్' అనీ రాసి ఉండాలి, ప్రోటీన్ 22 శాతానికి తగ్గకూడదు. పెడిగ్రీ, డ్రూల్స్, రాయల్ కేనిన్ బ్రాండ్ల మధ్య ధరల్లో చాలా తేడా ఉంటుంది. ఏడాది పొడవునా కొనగలిగింది ఎంచుకోండి. మొదటి నెల ఖరీదైనది తెచ్చి రెండో నెల మార్చేయడం పిల్ల కడుపుకు మంచిది కాదు. (పెడిగ్రీ చేసే మార్స్ కంపెనీ ఫ్యాక్టరీ సిద్దిపేట జిల్లాలోనే ఉంది. ఫారిన్ సరుకు అనుకుని భయపడేవాళ్ళకు ఈ మాట.) మొదటి వారం మాత్రం పిల్ల పుట్టిన చోట ఏది తిన్నదో అదే పెట్టి, తర్వాత వారం రోజుల మీద కొద్దికొద్దిగా కొత్తది కలుపుతూ మారాలి.

గుప్పెడు గింజల మీద గోరువెచ్చని నీళ్ళు పోసి పది నిమిషాలు ఆగితే అవి ఉబ్బుతాయి, వేలితో నొక్కితే మెత్తగా చితుకుతాయి. చుట్టూ నీళ్ళు చిక్కగా, గోధుమరంగుకు తిరుగుతాయి. ఆ వాసనకే పిల్ల ముందు కాళ్ళు గిన్నెలో పెట్టేస్తుంది. పాలపళ్ళకు ఆ మెత్తదనం చాలు. నానబెట్టింది తినకుండా వదిలేస్తే అరగంటకు తీసేయండి, మన ఎండలకు తొందరగా పులుస్తుంది.

పెద్ద బస్తా కిలో లెక్కన చవకే, కానీ విప్పాక నెల, నెలన్నరలో అయిపోవాలి. వానాకాలం తేమకు అందులోని కొవ్వుకు ముక్కిన వాసన పడుతుంది, చీమలు సరేసరి. చిన్న జాతి పిల్లకు పదికిలోల బస్తా తెచ్చి లాభం లేదు. సంచి విప్పి విడిగా తూచి ఇచ్చే సరుకైతే అసలు వద్దు, ఎప్పుడు విప్పారో తెలియదు, తారీఖూ కనపడదు.

నా ఓటు ఇలా ఉంటుంది: ఎదిగే నెలల్లో పప్పీ డ్రై ఫుడ్ ప్రధానం, దాని మీద పదో వంతుకు మించకుండా ఉడికిన గుడ్డు, చికెన్ ముక్క, చెంచాడు పెరుగు. నాయనమ్మ మాటా చెల్లుతుంది. మాంసం గుమ్మం దాటి రాని ఇళ్ళకూ ఇదే దారి, మాంసం ప్యాకెట్లోనే ఉండిపోతుంది. డ్రై ఫుడ్ తినే పిల్లకు పైనుంచి కాల్షియం సిరప్ మాత్రం వద్దు. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ లాంటి పెద్ద జాతుల్లో అదనపు కాల్షియమే కీళ్ళనూ ఎముకలనూ పాడుచేస్తుంది. బిల్లులో ఆ సీసా కనిపిస్తే తీసేయించండి.

తిండి తర్వాత దాని రెండో అంకం, ఒకటికీ రెంటికీ ఎక్కడికి అలవాటు చేయాలన్నది. ట్రైనింగ్ ప్యాడా (నేల మీద పరిచే డైపర్ లాంటిది), పాత పేపరా, నేరుగా బయటికా? కింద దొడ్డి ఉన్న సొంత ఇల్లయితే, అక్కడికి వీధి కుక్కలు రాకపోతే ఆలోచించాల్సిన పనే లేదు. నిద్ర లేవగానే, తిన్న పది ఇరవై నిమిషాలకు, ఆట ఆగగానే ఎత్తుకెళ్ళి ఒకే మూల దింపడమే. అపార్ట్‌మెంట్లో లిఫ్ట్ వచ్చేలోపే పని అయిపోతుంది కాబట్టి అక్కడే చిక్కు.

ప్యాడ్ తడిని పీల్చేస్తుంది, కింద టైలు పొడిగా ఉంటుంది, రాత్రిపూట నిశ్చింత. కానీ రోజుకు నాలుగైదు పోతాయి, నెల తిరిగేసరికి ఆ ఖర్చు తిండి ఖర్చుతో పోటీ పడుతుంది. ఇంకో ఇబ్బంది ఏమిటంటే అది మెత్తగా, నాలుగు పలకలుగా ఉంటుంది. గుమ్మం ముందు పట్టా కూడా అంతే, బాత్రూం మ్యాట్ కూడా అంతే. పిల్లకు మూడూ ఒకటే. పైగా పళ్ళొచ్చే రోజుల్లో ప్యాడ్‌ను ఒక అంచు పట్టుకుని హాలంతా ఈడ్చి చింపేస్తుంది. లోపలి దూదీ, తడి తగిలితే జిగురుగా ఉబ్బే పొడీ సోఫా కింద దాకా పడతాయి. అది మింగితే మళ్ళీ డాక్టరు.

పేపరు చవక. నాలుగైదు పొరలు పరిచి, తడిసినవి తీసేస్తూ, కింది పొరలో కొంచెం తడి ముక్క ఉంచితే ఆ వాసనకు పిల్ల మళ్ళీ అక్కడికే వస్తుంది. బాల్కనీ వైపు రోజూ అడుగు అడుగు జరపడమూ తేలికే. లోపం ఏమిటంటే తడి కిందికి దిగుతుంది, పాదాలకు అంటుకుంటుంది. పేపరు వేయించుకునే ఇళ్ళే తగ్గిపోయాయి కాబట్టి ఇరుగుపొరుగును అడగాల్సి వస్తుంది. ఇంట్లో పగలంతా మనిషి ఉంటే పేపరే మేలు. ఇద్దరూ ఉద్యోగస్తులైతే పగలు ప్యాడ్లు తప్పవు, ఫ్రేములో బిగించేవి తీసుకుంటే కాస్త ఆగుతాయి.

నేల తుడవడానికి ఫినాయిల్ మీద ఆధారపడకండి. మన ముక్కుకు అది సరిపోతుంది, కుక్క ముక్కుకు కింద మూత్రం వాసన తెలుస్తూనే ఉంటుంది, మళ్ళీ అక్కడే పోస్తుంది. నేల నాకే వయసు కాబట్టి ఆ మందూ దాని కడుపులోకి పోతుంది. పెట్ షాపుల్లో ఆ మూత్రాన్ని విడగొట్టి వాసన పోగొట్టే ఎంజైమ్ క్లీనర్ దొరుకుతుంది. ఆ పప్పీ కిట్‌లో ఎక్కడా కనపడని, కానీ తప్పకుండా కొనాల్సిన వస్తువు అదే.

పడుకునే చోటికి వస్తే, బాల్కనీలో గొలుసుతో కట్టడాన్ని పోటీలోకే తీసుకోను. మే నెలలో ఆ గచ్చు కాలుతుంది, చిన్న పిల్లయితే గ్రిల్ సందులోంచి దూరిపోతుంది. మిగిలినవి రెండు: క్రేట్, అంటే పైన కప్పున్న ఇనుప జాలీ పెట్టె. లేదా ప్లేపెన్, అంటే పైకప్పు లేని మడత కంచె. రాత్రికి క్రేట్ మేలు. లేచి నిలబడి, ఒకసారి తిరిగి, కాళ్ళు చాపుకునేంత చోటే ఉంటుంది కాబట్టి పడుకున్న చోట తడపకుండా ఉండటానికి పిల్ల ఆపుకునే ప్రయత్నం చేస్తుంది. మంచం పక్కనే పెట్టి చేయి కిందికి వేలాడేస్తే ఏడుపు సగం తగ్గుతుంది. దీపావళి టపాసుల చప్పుడుకు దూరి దాక్కోవడానికీ అదే పనికొస్తుంది. కానీ రెండు నెలల పిల్లను పగలు మూడు గంటలకు మించి అందులో ఉంచడం అన్యాయం. ఆఫీసులకు వెళ్ళే ఇంట్లో పగటికి ప్లేపెన్ కావాలి, ఒక మూల ప్యాడ్, ఇంకో మూల పడక, మధ్యలో నీళ్ళు. రెండూ కొనలేకపోతే ప్లేపెన్ కొని, రాత్రికి దాన్నే చిన్నదిగా మడిచి వాడుకోండి. లాబ్రడార్‌కి క్రేట్ కొంటే నడుమ అడ్డుపలక వచ్చే పెద్ద సైజు తీసుకోవాలి, లేకపోతే నాలుగు నెలలకు ఇంకోటి కొనాలి.

పరుపు వద్దు, పాత నూలు చీరల బొంత చాలు. ఎలాగూ ఎండాకాలం టైలు మీదే పడుకుంటుంది, పరుపులోని స్పాంజి మింగితే పేగులు మూసుకుపోతాయి. తల్లి పడుకున్న గుడ్డ ముక్క ఒకటి అడిగి తెచ్చుకుని బొంతలో పెట్టండి. గిన్నె స్టీలుదే, ప్లాస్టిక్‌ది నమిలేస్తుంది. నమలడానికి గట్టి రబ్బరు బొమ్మ ఒకటి, ఫ్రిజ్‌లో పెట్టిన క్యారెట్ ఒకటి. నమలడానికని షాపుల్లో అమ్మే తోలు ఎముకలు వద్దు, గొంతుకు అడ్డం పడతాయి.

డాక్టర్ని పిల్ల రాకముందే చూసి పెట్టుకోవాలి. హైదరాబాద్‌లో నారాయణగూడ ప్రభుత్వ పశువైద్యశాల, రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ, ఆంధ్రలో గన్నవరం, తిరుపతి కాలేజీల్లో ఖర్చు తక్కువ, రోజూ రకరకాల కేసులు చూసిన చేతులు. అక్కడ ఇబ్బంది క్యూ. జబ్బు కుక్కల మధ్య టీకాలు పడని పిల్లను గంటసేపు కూర్చోబెట్టాలి. విరేచనాలతో కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో వైరస్ నేల మీద నెలల తరబడి బతుకుతుంది, అందుకే ఎక్కడికెళ్ళినా పిల్లను ఒళ్ళోనే ఉంచుకోండి, కింద దింపకండి. టీకాలకూ నట్టల మందుకూ ఇంటి దగ్గరి క్లినిక్, ఆపరేషన్లకూ పెద్ద పరీక్షలకూ కాలేజీ ఆసుపత్రి అనేది నా మొగ్గు. ఎక్కడైనా సరే, కార్డు మీద టీకా సీసా స్టిక్కర్ అంటించమనండి, చేతిరాత ఒక్కటే చాలదు. మొదటి టీకా ఆరు నుంచి ఎనిమిది వారాలకు, తర్వాత మూడు నాలుగు వారాలకొకటి చొప్పున పదహారు వారాల దాకా, రేబిస్ మూడు నెలలు నిండాక. గోమార్లు (పిడుదులు) కనిపిస్తే పశువులకు వాడే పిడుదుల మందు నీళ్ళలో కలిపి రుద్దడం ప్రాణం మీదికి తెస్తుంది, వయసు చెప్పి వెట్ ఇచ్చిన మందే వేయాలి.

వీధిలో నడక మొదలయ్యేదాకా పిల్లను ఇంట్లోనే మూసిపెట్టమని కాదు. మూడు నెలల లోపు చూసినవాటికి కుక్క జీవితాంతం పెద్దగా భయపడదు. కాబట్టి ఎత్తుకుని గేటు దాకా తీసుకెళ్ళండి, ఆటో చప్పుడు, హెల్మెట్ మనిషి, కూరగాయల బండి మైకు అన్నీ చంకలోంచే చూడనివ్వండి. అప్పటికి మెడలో సన్నటి నైలాన్ బెల్టు ఒకటి చాలు, రెండు వేళ్ళు దూరేంత వదులుగా. వారానికోసారి వేళ్ళు పెట్టి చూడాలి, మెడ అంత త్వరగా పెరుగుతుంది. తోలు బెల్టూ ఇనుప గొలుసూ పెద్దయ్యాక చూసుకోవచ్చు. వీధిలోకి దిగే రోజుకు మాత్రం లాగినప్పుడు గొంతు మీద పడని, ఛాతీకి తొడిగే హార్నెస్ మేలు, పగ్, షిట్జూ లాంటి చప్పిడి ముక్కు జాతులకైతే అది తప్పనిసరి. అది ఇప్పుడే కొనకండి. చివరి టీకా అయ్యాక ముందు కాళ్ళ వెనక ఛాతీ చుట్టూ టేపుతో కొలిచి ఆ కొలతకు కొనండి. బెల్టుకు వేలాడే బిళ్ళ మీద పిల్ల పేరు లేకపోయినా పర్వాలేదు, మీ ఫోన్ నంబరు ఉండాలి.