అమెరికా పాత పేపర్లు ఫ్రీగ సదవొచ్చు, నవల రాసెటోళ్లు ఒకసారి సూడున్రి

నల్గొండల కూసోని 1850ల నాటి ఒరెగాన్ ట్రెయిల్ (అమెరికాల జనం బండ్లు కట్టుకోని పడమటి దిక్కు వలసపోయిన బాట) మీద తెలుగుల నవల రాస్తున్న అంటే మా దోస్తులు నవ్విన్రు, గని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ల క్రానిక్లింగ్ అమెరికా సైట్ ఉన్నంక గదేం పెద్ద కష్టం గాదు. బోలెడు పాత పేపర్లు స్కాన్ జేసి పెట్టిన్రు, పైసా అడగరు, రాష్ట్రం, సంవత్సరం పెట్టుకోని వెతుకుడే.

నాకైతే వార్తల కన్న యాడ్సే మస్తు నచ్చినయ్. దుకాణపోడు ఏం సామాను అమ్మిండు, ఏ మందు గురించి గొప్పలు జెప్పిండు అన్నీ అండ్లనే. మనోళ్లు సీన్ రాస్తే హీరోను గుర్రం మీద ఎక్కిస్తరు, అసలు బండ్లకు ఎక్కువగ కట్టింది ఎద్దులను, బండి నిండ సామానుంటే మనుషులు చానమంది మూడు వేల కిలోమీటర్లకు పైన నడుసుకుంటనే పోయిన్రు. కట్టెలు దొరకని మైదానాల్ల బైసన్ల (అమెరికా అడవి దున్నల) ఎండుపేడ ఏరి పొయ్యి ముట్టించెటోళ్లట, మన పిడకలే అనుకో!

అచ్చు మసకగ ఉన్నకాడ కంప్యూటర్ అక్షరాలు తప్పు సదువుతది, అందుకే ఒక్కటే పేరును రెండు మూడు స్పెల్లింగులతోని వెతకాలె. ఇంకోటి, స్థానిక తెగల గురించి ఆ పేపర్లు రాసిందంతా నమ్మకున్రి, చానా మటుకు వలసొచ్చినోళ్ల దిక్కుకెళ్లి రాసినయే. 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద సాగు జేసుకునెటోళ్లకు సర్కారోళ్లు 160 ఎకరాలు ఇచ్చిన్రంటే అంతకుముందు ఆ భూమి ఎవలదో గూడ సూడాలె గదా.

క్లాక్ టవర్ దిక్కు ఒక నెట్ సెంటర్ల ప్రింట్లు తీయిస్తే సగం పేజీలు నల్లగొచ్చినయ్, పీడీఎఫ్ దించుకోని ల్యాప్‌టాప్‌లనే సదువుకోన్రి. సైట్‌కు నాలుగున్నర స్టార్లు.