డబ్బుకు వేరే వరుస లేని చోటు: తిరుమల వెంగమాంబ అన్నప్రసాదం

కొండమీద దర్శనానికి డబ్బును బట్టి వరుసలు మారుతాయి: సర్వదర్శనం, రూ.300 టికెట్, టీటీడీ వారి శ్రీవాణి ట్రస్టుకు రూ.10,000 విరాళం. తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనంలో మాత్రం అందరిదీ ఒకే పంక్తి. టికెట్టూ టోకెనూ లేవు. నాలుగు హాళ్లు, ఒక్కో దాంట్లో సుమారు వెయ్యిమంది. అరిటాకులో చక్కెర పొంగలి, కూర, అన్నం, సాంబారు, రసం, మజ్జిగ. 2025 నుంచి వడ కూడా. సాంబారు పలచనే, కానీ పొగలు కక్కుతూ వస్తుంది. వడ్డించేవాళ్లు ఆగరు, అన్నం చాలనిపిస్తే ముందే చెయ్యి అడ్డం పెట్టాలి. లేకపోతే ఆకులో మిగిలిపోతుంది, అది చూస్తే బాధేస్తుంది. మధ్యాహ్నం రద్దీ ఎక్కువ, పసిపిల్లలుంటే పదకొండున్నర లోపే వెళ్లడం మేలు.

ఒకరోజు అన్నదానం మొత్తానికి విరాళం రూ.44 లక్షలు. అంత ఇచ్చిన దాత పేరు బోర్డు మీద కనిపిస్తుంది, ఆయన వచ్చి స్వయంగా వడ్డించవచ్చు కూడా. డబ్బు మనిషిని మార్చిందా అనేది ఇక్కడ తెలిసిపోతుంది. కొందరు ఫొటో దిగేదాకా గరిటె పడతారు. ఇంకొందరు ఆఖరి ఆకు దాకా వంగి, "ఇంకొంచెం వెయ్యనా అమ్మా?" అని అడుగుతారు.