మూడేళ్లు వాడాక టైప్‌స్క్రిప్ట్ పాత్స్ గురించి

మా టైప్‌స్క్రిప్ట్ (జావాస్క్రిప్ట్‌కి టైపులు చేర్చిన భాష) ప్రాజెక్టులో ఒక ఇంపోర్ట్ లైను, అంటే ఇంకో ఫైలులోని కోడ్‌ని తెచ్చుకునే లైను, '../../../../షేర్డ్/డేట్' అని ఉండేది. చుక్కలు లెక్కపెట్టుకుంటూ చదవాలి. ఫైలును పక్క ఫోల్డర్‌లోకి జరిపితే లెక్క మళ్లీ మొదలు. ఆ బాధ పడలేక మూడేళ్ల కిందట టైప్‌స్క్రిప్ట్ సెట్టింగుల ఫైలు టీఎస్‌కాన్ఫిగ్‌లో పాత్స్ (ఫోల్డర్ దారులకు పొట్టి పేర్లు) పెట్టుకున్నాను. ఇప్పుడు '@/షేర్డ్/డేట్' అని రాస్తే చాలు, ఫైలు ఎక్కడున్నా అదే దారి. చదవడానికి ఎంత హాయిగా ఉంటుందో! టైప్‌స్క్రిప్ట్ 4.1 నుంచి బేస్‌యూఆర్ఎల్ (దారులు ఏ ఫోల్డర్ నుంచి మొదలవుతాయో చెప్పే సెట్టింగ్) లేకుండానే పాత్స్ రాసుకోవచ్చు, పాత ట్యుటోరియల్స్ చూసి ఆ లైను చేర్చక్కర్లేదు.

నన్ను ఏడిపించింది వేరే. తొలిసారి సర్వర్ మీదికి ఎక్కించిన రాత్రి బిల్డ్‌లో ఒక్క ఎర్రర్ లేదు. రన్ చేయగానే మాడ్యూల్ (ఇంపోర్ట్ చేసిన ఫైలు) దొరకలేదంటూ, జావాస్క్రిప్ట్‌ని సర్వర్ మీద నడిపే నోడ్ ఆగిపోయింది. బిల్డ్ అయిన కోడ్ ఉండే డిస్ట్ ఫోల్డర్ తెరిచి చూస్తే ఇంపోర్ట్ లైన్లో '@/షేర్డ్/డేట్' అక్షరం మారకుండా అలాగే ఉంది. ఫైలు ఎక్కడుందో టైప్‌స్క్రిప్ట్‌కి చెప్పడం వరకే పాత్స్ పని. జావాస్క్రిప్ట్‌గా మార్చేటప్పుడు టైప్‌స్క్రిప్ట్ కంపైలర్ టీఎస్‌సీ ఆ దారిని ముట్టుకోదు. ఈ ముక్క ముందే తెలిసుంటే ఆ రాత్రి టెన్షన్ తప్పేది.

ఇక అక్కడి నుంచి ఒక్కో టూల్‌కీ విడిగా చెప్పుకోవాల్సి వచ్చింది. ఫ్రంట్ఎండ్‌ని బిల్డ్ చేసే వీట్‌లో రిజాల్వ్ అలియాస్, టెస్టులు నడిపే జెస్ట్‌లో మాడ్యూల్‌నేమ్‌మ్యాపర్ అనే సెట్టింగులు. కొత్త అలియాస్ (పొట్టి పేరు) చేర్చిన ప్రతిసారీ ఏదో ఒకచోట మర్చిపోయేవాణ్ని. యాప్ బాగానే నడిచేది, టెస్టులు మాత్రం ఫెయిలయ్యేవి. కోడంతా బండ్లర్ (వీట్ లాగా ఫైళ్లన్నీ కలిపి కట్టే టూల్) గుండానే వెళ్లే ఫ్రంట్ఎండ్‌కి ఇది భరించదగ్గ ఇబ్బందే, అక్కడ నేను ఇప్పటికీ పాత్సే వాడుతున్నాను.

సర్వర్ కోడ్‌కి మాత్రం ఏడాది కిందట ప్రాజెక్టు వివరాల ఫైలు ప్యాకేజ్ జేసన్‌లోని ఇంపోర్ట్స్ అనే భాగానికి మారాను. పేరు # తో మొదలవ్వాలి, అంతే. '#షేర్డ్/*' అంటే './డిస్ట్/షేర్డ్/*.జేఎస్' అని ఒక్కచోట రాశాను. దాన్ని నోడ్ తానే చదువుకుంటుంది. టీఎస్‌కాన్ఫిగ్‌లో మాడ్యూల్‌రిజల్యూషన్ నోడ్‌నెక్స్ట్ అని, రూట్‌డిర్ (సోర్స్ ఫోల్డర్), అవుట్‌డిర్ (బిల్డ్ ఫోల్డర్) స్పష్టంగా పెడితే టైప్‌స్క్రిప్ట్ అదే లైను చూసి సోర్స్ ఫైలు దగ్గరికి వెళ్తుంది. సర్వర్ మీద ఆ పాత ఎర్రర్ మళ్లీ కనిపించలేదు.

దీనిలోనూ ఒక చిక్కు ఉంది. దారి డిస్ట్‌కి వెళ్తుంది కాబట్టి, నేను సోర్స్ మార్చినా జెస్ట్ పాత బిల్డ్‌నే చదివింది. సరిచేసిన బగ్ ఇంకా ఉందనుకుని ఒక పూట వెతికాను. ఇప్పుడు బిల్డ్ అయ్యాకే టెస్టులు నడిచేలా స్క్రిప్ట్ పెట్టుకున్నాను.